తెర మీద రెండు గెడ్డలు

శుక్రవారం అరకు సంత. తెచ్చిన చింతపండూ కొండచీపుర్లూ అమ్ముడుపోయాక, జీపులు బయలుదేరే వేళయ్యేలోగా, కొండమీది ఊళ్ళవాళ్ళు కొందరు మా ఆఫీసుకు వచ్చేవారు. తమ భూమి కంప్యూటర్లో ఎలా ఉందో చూసుకోవడానికి. వరండాలో చెప్పులు విడిచి, ఖాళీ బుట్టలు గోడవార పెట్టి, ఆసుపత్రిలో డాక్టరు పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చునేవారు.

పోడు భూములకు హక్కు పత్రాలు ఇవ్వాలని ప్రభుత్వం చట్టం చేసిన కొత్తరోజులు. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. మావాళ్ళు ఊళ్ళకు వెళ్ళి, సాగు చేసుకునేవాళ్ళతో కలిసి హద్దు వెంట నడిచి, చేతిలో పట్టుకునే జీపీఎస్‌తో కొలతలు తెచ్చేవారు. వాటిని కంప్యూటర్లో మ్యాపుగా మార్చడం నా పని. ఒక్కో కుటుంబం ముక్కకు ఒక్కో రంగు వేసేవాణ్ణి. ఆ మ్యాపు గ్రామసభకు వెళ్ళే ముందు ప్రతి కుటుంబమూ తన ముక్కను తెర మీద చూసుకుని ఔనని చెప్పాలి. అది మేం పెట్టుకున్న నియమం. దాన్ని గురించి మా ఆఫీసులో అందరికీ కొంచెం గర్వంగానే ఉండేది.

నాకు సొంత గర్వం ఇంకొకటి ఉండేది. నేను కంప్యూటరును ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఇంటరుతో చదువు ఆపేసి, ఎస్.కోటలో మా మావయ్య ఎరువుల కొట్లో కూర్చున్న రోజుల్లో అక్కడి శాఖా గ్రంథాలయమే నాకు బడి. అందులోని పుస్తకాలు అయిపోయాక నెలకోసారి విశాఖపట్నం వెళ్ళి పెద్ద గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. కంప్యూటరును నడిపే లినక్స్ అనే ఉచిత వ్యవస్థ మీద ఇటుకంత లావు ఇంగ్లీషు పుస్తకం ఒకటి అక్కడ దొరికింది. ఇంటికి ఇవ్వరు. నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడే చదివాను. యంత్రాన్ని ముట్టుకోకముందే దాని లోపలి వ్యవహారం చాలావరకు నాకు తెలుసు. ఆ చదువును నమ్మే మా సంస్థ పెద్దాయన నాకు ఉద్యోగం ఇచ్చారు.

ఆఫీసులో ఉన్నది ఎవరో దానంగా ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. మ్యాపులు గీసే ఖరీదైన ప్రోగ్రాములు కొనే స్తోమత మాకు లేదు. అందుకే దాని మీద లినక్స్ వేసి, ఉచితంగా దొరికే మ్యాపుల ప్రోగ్రాము పెట్టాను. ఆ ఏడు చైత్రంలో లినక్స్ కొత్త సీడీ పోస్టులో వచ్చింది. గురువారం సాయంత్రం దాన్ని ఎక్కించాను. అక్షరాలు నునుపుగా, రంగులు ముచ్చటగా కనిపించాయి. మర్నాడే సంత.

ఆ శుక్రవారం వచ్చినవాళ్ళలో ఒకామె, ఆమె మరిది ఉన్నారు. ఆమె భర్త అంతకు రెండేళ్ళ ముందు జ్వరంతో పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. కొండ మీద నుంచి దిగే వాగును అక్కడ గెడ్డ అంటారు. ఆమె భూమి ఊరికి పడమటగా గెడ్డకు అవతల ఉంది. గెడ్డకు ఇవతల మరిది భూమి. హద్దు నడిచిన రోజున నేనూ వెళ్ళాను కాబట్టి నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"సారూ, నా బూమి టీవీలోకి ఒచ్చినాదా?"

"వచ్చిందమ్మా. రా, కూర్చో."

ఆమె కూర్చోలేదు. మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా ఒదినకి కుర్సీ అంటే బయిం సారూ. కింద పడిపోతానంటాది."

"నీకు నేదేటి బయిం? మొన్న బస్సులో సీటు కాలీగా ఉంటే నువ్వు నేలమీద కూకోనేదా?" అంది ఆమె. వరండాలో వాళ్ళు నవ్వారు.

ముందు మరిది భూమి చూపించాను. ఆకుపచ్చ ముక్క. దానికి ఎడమ పక్కనే నీలం గీత, గెడ్డ. అతను తెర మీద వేలు ఆనించి హద్దు వెంట తిప్పాడు. "ఇక్కడ పనస సెట్టు. ఇది మా అయ్య పాతిన రాయి. సరిపోనాది సారూ." తర్వాత ఆమె భూమి కోసం మ్యాపును మౌసుతో పట్టుకుని కుడివైపుకు జరిపాను. అప్పుడు పడమటి భాగం ఎడమ పక్క నుంచి తెర మీదికి రావాలి.

తెర కదిలింది. ఆమె పసుపు ముక్క లేదు. ఆ చోట మరిది ఆకుపచ్చ రంగే ఉంది. గెడ్డ దాటి అవతలికి పరుచుకుని ఉంది.

మళ్ళీ జరిపాను. ఆకుపచ్చ ఇంకొంచెం పెరిగింది.

నవ్వులు ఆగిపోయాయి. మరిది తెర మీది నుంచి వేలు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదేటి? నాదేదీ?" అంది ఆమె.

"ఉంటుందమ్మా. తెరలో ఏదో తేడా వచ్చింది. ఉండు." ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరవబోయాను. అది తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. బయట వాళ్ళ జీపు హారను మొదలైంది.

"ఒదినా, రా. జీపెల్లిపోతాది."

"నానడుగుతున్నాను కదేటి! నా బూమి ఈడి రంగులోకి ఎలా ఎల్లిపోనాది సారూ?"

"నానేటి సేసినాను?" మరిది గొంతు లేచింది. "సారూ, మీరే సెప్పండి. మిమ్మల్ని నానేటైనా అడిగినానా?"

"ఏమీ అడగలేదు. ఇది యంత్రం చేసిన పని. భూమికీ దీనికీ సంబంధం లేదు."

"సమ్మందం నేకపోతే మరి మమ్మల్ని ఎందుకు సూడమంటారు?" అంది ఆమె.

హారను మళ్ళీ మోగింది. ఆమె గుమ్మం దగ్గర ఆగి, ఆకుపచ్చగా ఉన్న తెరను మరోసారి చూసి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరకు వేసి కూర్చున్నాను. ముందు వచ్చిన భయం, కొత్త సీడీ ఎక్కించేటప్పుడు కొలతల ఫైలు పాడైందేమోనని. ఫైలు తెరిచి చూశాను. ఆమె పేరు, ఆమె హద్దులు చెక్కుచెదరలేదు. ప్రింటు తీశాను. కాగితం మీద పసుపు ముక్క ఉండాల్సిన చోటే ఉంది. తెర మీద ప్రోగ్రాము కిటికీని, అదే విండోను, కిందికి దించి మళ్ళీ పైకి తెస్తే పసుపు ముక్క వచ్చింది. పక్కకు జరిపితే మళ్ళీ మాయం. అలా జరుపుతూ ఉండగా గెడ్డ మీద చూపు పడింది. తెర మీద నీలం గీతలు రెండున్నాయి. రెండూ ఒకేలా వంపు తిరిగి, ఒకే చోట సన్నబడుతున్నాయి.

ఆ కొండ మీద గెడ్డ ఒకటే. నేను దాటాను, నాకు తెలుసు. అంటే యంత్రం కొత్త భాగాన్ని గీయడం లేదు. అంతకుముందు ఆ చోట ఉన్న పాత బొమ్మనే వదిలేస్తోంది. ఆమె భూమి మీద ఉన్నది మరిది భూమి కాదు, దాని మరక.

పెద్దాయనకు ప్రింటు చూపించాను. "ఫైలు బాగుంది, కాగితం బాగుంది. ఇక నీ బాధేమిటయ్యా?" అన్నారు.

"ఆమె చూసింది తెర సార్."

"వచ్చే శుక్రవారం వస్తుందిగా. అప్పుడు చూపించు. ఈలోగా ఆ కాగితం పంపించు."

ఆదివారం ఉదయం మా జీపు డ్రైవరు అటువైపు వెళుతుంటే కాగితం ఇచ్చి పంపాను. అతను ఆ చుట్టుపక్కల ఊరివాడే. మాటకారి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, కాగితాన్ని అలాగే నా బల్ల మీద పెట్టాడు.

"తీసుకోనేదు సారూ. టీవీలో పోయినది కాయితం మీదికెలా ఒచ్చినాది, నాను ఏడిసినానని మీ సారు రాసి పంపినాడా అంటంది. నాకేటి సెప్పాలో తోచనేదు."

"శుక్రవారం రమ్మన్నావా?"

"శుక్కురోరం దాకా ఎక్కడ? లచ్చివారం ఆళ్ళూరి పండగ. మీ టీవీ కొంప ముంచీసింది సారూ."

అతను చెప్పింది ఇది. చైత్రంలో వచ్చే ఇటుకల పండగనాడు ఇంటింటివాళ్ళూ తమ విత్తనాలు బుట్టలో తెచ్చి దేవత ముందు పెడతారు. దిసారి, అంటే ఊరి పూజారి, పూజ చేసి తిరిగి ఇచ్చాకే ఆ విత్తనం పొలంలో పడాలి. ఆ తర్వాత మగవాళ్ళు వేటకు వెళతారు. ఇంతవరకు నాకూ తెలుసు. తెలియనిది ఆ ఊరి కట్టుబాటు. భూమి ఉన్న ఇల్లు ఆ రోజున విత్తనం పెట్టకపోతే, ఆ భూమిని వదులుకున్నట్టే. అదే వంశంలో ఇంకొకరు దాన్ని చేసుకోవచ్చు.

"బూమి నేనిదాన్ని, ఏ మొకంతో పెడతాను అనీసిందట. ఇంట్లో ఉన్న సోళ్ళూ సామలూ తీసికెల్లి మరిది బుట్టలో పోసీసిందట."

"మరిది ఏమన్నాడు?"

"ఆడేటంటాడు? పరాయోడికి పోయేకన్నా మన ఇంట్లోనే ఉంటాది కదా అన్నాడట. ఆడి మాటా అబద్దం కాదు సారూ. గవుర్మెంటు టీవీలోనే ఆడి రంగేసినాక ఆడేటి సేత్తాడు?"

మాది గవర్నమెంటు టీవీ కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ తేడా ఆ కొండ మీద ఎవరికి కావాలి? మ్యాపులో ఆమె భూమి భద్రంగా ఉంది. గ్రామసభకు వెళ్ళేది ఆ మ్యాపే. అయినా గురువారం తెల్లవారితే, ఏ ఫైలుతోనూ సంబంధం లేకుండా, ఆమె భూమి ఆమెది కాకుండా పోతుంది.

ఆలోగా తెర బాగుచేసి ఆమెకు చూపించాలని, ఆ మధ్యాహ్నమే పాసింజరెక్కి విశాఖపట్నం దిగాను. దారిపొడవునా సొరంగాలు. బండి చీకట్లోకి వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దంలో నా ముఖం కనిపించేది. వెలుతురు రాగానే కొండ వచ్చేది. ఆ రాకపోకలు చూడలేక కళ్ళు మూసుకున్నాను.

మర్నాడు గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. ఆ లావు పుస్తకం పాత చోటే ఉంది. ఇంతకుముందు నాకు అవసరం రాక, పేజీలు తిప్పి వదిలేసిన అధ్యాయం ఒకటి ఉంది. ప్రోగ్రాము తెర మీద తనంతట తాను ఏదీ గీయదు. గీయమని, తెర పని చూసే సర్వరు అనే ఇంకో ప్రోగ్రామును అడుగుతుంది. సర్వరు, వీడియో కార్డును నడిపించే డ్రైవరు అనే ప్రోగ్రామును అడుగుతుంది. డ్రైవరు పని త్వరగా తెమలాలని, గీసిన బొమ్మల్ని వీడియో కార్డు మెమరీలో ఒక మూల దాచుకుని, కావలసినప్పుడు అక్కడినుంచి తెచ్చి అతికిస్తుంది. కొన్ని కార్డులతో ఈ దాచుకోవడం సరిగా కుదరదు. అప్పుడు పాత బొమ్మలు తెర మీద మిగిలిపోతాయి. ఆ దాచుకోవడాన్ని ఆపే ఆప్షను ఉండవచ్చు, అదేమిటో మీ యంత్రంలోనే ఆ డ్రైవరు సహాయ పేజీలో చూసుకోండి, అని రాసి ఉంది.

అంతదూరం వచ్చి చదివితే, నీ బల్ల మీదే ఉంది చూసుకో అని చెప్పింది పుస్తకం. కానీ అది చెప్పకపోతే ఎక్కడ చూడాలో నాకు తెలిసేది కాదు. పుస్తకాన్ని జాగ్రత్తగా దాని చోట పెట్టి వచ్చాను.

మంగళవారం పొద్దున బండిలో తిరిగొచ్చాను. ఆ రోజంతా అరకులో కరెంటు లేదు. బుధవారం వచ్చింది. తెర వ్యవహారం మొత్తం ఒక సెట్టింగుల ఫైలులో ఉంటుంది. ముందు దానికి నకలు తీసి పక్కన పెట్టాను. మొదట డ్రైవరునే మార్చి, అన్ని కార్డులకూ పనికొచ్చే సాదా డ్రైవరు పెట్టాను. మరక పోయింది. కానీ బొమ్మలన్నీ ఉబ్బిపోయి, ప్రోగ్రాము సగం తెర బయటికి వెళ్ళిపోయింది. మ్యాపు జరపడానికి నొక్కాల్సిన బొత్తాం ఎక్కడుందో కనపడదు. పాత డ్రైవరు మళ్ళీ పెట్టి, సహాయ పేజీలో చెప్పిన ఆప్షను ఫైలులో ఒక లైనుగా చేర్చాను. తెర నల్లగా అయింది. రంగులు లేవు, కిటికీలు లేవు. నలుపు మీద తెల్లటి అక్షరాలు కొన్ని, మినుకుమినుకుమంటున్న గీత ఒకటి.

రేపటికి ఉన్న యంత్రం ఇదొక్కటే. మ్యాపులన్నీ అందులోనే ఉన్నాయి. నకలు ఉందన్న సంగతి గుర్తొచ్చి, అక్షరాల తెర మీదే దాన్ని వెనక్కి తెచ్చాను. ఆ లైనును డ్రైవరు భాగంలో కాక వేరే భాగంలో పెట్టానని తెలిసింది. సరైన చోట పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. రంగులు వచ్చాయి. మ్యాపు తెరిచి, ఆకుపచ్చ ముక్కను పట్టుకుని కుడికి జరిపాను.

ఒకటే గెడ్డ. దాని అవతల పసుపు.

సంతోషం రాలేదు. ఇక్కడ నా బల్ల మీద బాగున్నది అక్కడ బాగుంటుందని ఏమిటి నమ్మకం? సాయంత్రం దాకా అటూ ఇటూ జరుపుతూనే కూర్చున్నాను.

గురువారం పొద్దున్నే జీపు డ్రైవరు నన్ను కొండ కింద దించాడు. ల్యాప్‌టాప్ సంచిని గుండెకు ఆనించుకుని ఎక్కాను. దాని బ్యాటరీ ముసలిది, కాసేపే నిలుస్తుంది. ఊరి మొదట్లోనే డప్పులు వినిపించాయి. ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపి కుండల్లో సిద్ధం చేస్తున్నారు. వేట దొరక్కుండా తిరిగొచ్చే మగవాళ్ళ మీద కొట్టడానికి.

"ఓలమ్మా, సూడండే! కింద నుంచి ఇంకో ఏటగాడొచ్చినాడు. సంచీలో ఏటి సారూ, కుందేలా?"

"కుందేలు కాదే. టీవీ. బూములు మింగీసే టీవీ."

"అయితే సారుకీ ఓ కుండ ఉంచండే!"

వాళ్ళు నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వబోయాను.

ఆమె తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఊరంతా దేవత దగ్గరకు వెళుతుంటే ఆమె పండగ చీర కట్టుకోలేదు. నన్ను చూసి లేవలేదు.

"మళ్ళా ఎందుకొచ్చినారు సారూ?"

"తప్పు తెరదమ్మా. బాగుచేశాను. ఒక్కసారి చూడు."

"సూసినాను కదా ఒకపాలి."

"ఆరోజు తెర మీద గెడ్డలు రెండున్నాయి. మీ కొండ మీద ఉన్నది ఒకటే కదా. అది పాత బొమ్మని మళ్ళీ చూపించింది."

"నాను గెడ్డని సూసినానేటి? నా బూమిని సూసుకున్నాను."

ఈలోగా మరిది వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని, విత్తనాల బుట్ట చంకలో పెట్టుకుని ఉన్నాడు. నన్నూ సంచినీ చూసి మొహం ముడుచుకున్నాడు. "ఏటి సారూ, ఈపాలి ఎవరికి రాసినారు?"

"నువ్వూ చూడు. నువ్వే చెప్పు" అన్నాను.

అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఎండకు తెర మీద ఏమీ కనిపించలేదు. నా మొహం, పైకప్పు గడ్డి మాత్రం కనిపిస్తున్నాయి. బ్యాటరీ గుర్తు అప్పుడే ఎర్రబడింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి నా నెత్తి మీద కప్పింది. తానూ దూరింది. "రా" అని మరిదిని పిలిచింది. అతను బుట్టను ఒళ్ళో పెట్టుకునే లోపలికి వచ్చాడు. మూడు తలలు ఒక దుప్పటి కింద. ఉక్క, పొగ వాసన, ముగ్గురి ఊపిరి.

ఆకుపచ్చ ముక్క చూపించాను. "నీది" అన్నాను. అతను ఊఁ అన్నాడు. టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి, నెమ్మదిగా కుడికి జరిపాను. నీలం గీత వచ్చింది. ఆగాను. జరపడానికి భయం వేసింది.

"జరపండి" అంది ఆమె.

జరిపాను. పసుపు వచ్చింది. అంచు నుంచి మొదలై, మధ్యలో ఉన్న బండరాయి గుర్తు, చివర ఎగువ హద్దు, మొత్తం.

"మళ్ళా జరపండి" అంది. వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చాను. పసుపు పోయి మళ్ళీ వచ్చింది. "మళ్ళా." మూడోసారి గెడ్డ దాకా వచ్చేసరికి తెర ఆరిపోయింది.

దుప్పటి కింద చీకటి. దూరంగా డప్పులు.

"సచ్చిపోనాది" అన్నాడు మరిది.

"అది సావనీ. నువ్వు సూసినావా?"

అతను ఒళ్ళోని బుట్టను సర్దుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఇప్పుడిక నా యంత్రం చెప్పగలిగింది ఏమీ లేదు. పలకాల్సింది అతనే. పలకకపోతే, ఆరిన తెరను వెలిగించడానికి ఈ కొండ మీద కరెంటు లేదు, కింద నుంచి మళ్ళీ వచ్చేసరికి పూజ అయిపోతుంది.

"సూసినాను ఒదినా" అన్నాడు.

ఆమె దుప్పటి తీసేసింది. వెలుతురుకు ముగ్గురం కళ్ళు చిట్లించాం. ఆమె లోపలికి వెళ్ళి ఖాళీ చేట తెచ్చి అతని ముందు పెట్టింది.

"కలిపీసినాను. నీవేవో నావేవో తెలీదు" అన్నాడు.

"తెలీకపోతే నేదు. పొయ్యి."

అతను బుట్టలో చెయ్యి పెట్టి ఒక దోసెడు చోళ్ళూ, అంటే రాగులూ, సామలూ తీసి చేటలో పోశాడు. ఇంకో దోసెడు. మూడో దోసెడు గాల్లో ఆగింది. అతను గెడ్డ వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఆ చూపులో దురాశ ఉందని నేను అనను. ఆరు రోజులుగా ఆ భూమిలో ఏం వెయ్యాలో, ఎక్కడ గట్టు కొట్టాలో అతను మనసులో అనుకుని ఉంటాడు. దాన్ని అతని చేతికిచ్చింది నా తెరే. ఇప్పుడు మళ్ళీ నేనే వచ్చి తీసుకుంటున్నాను.

బుట్టను రెండు చేతులా ఎత్తి చేటలోకి వంచాడు. గింజలు అంచు దాటి నేల మీద చిందాయి. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి.

"సాల్రా, సాలు. నీకు మిగలొద్దేటి?" అని ఆమె చేటను లాక్కుంది.

చీర మార్చుకోకుండానే చేట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. మరిది సగం ఖాళీ అయిన బుట్టతో వెనకాల నడిచాడు. నేను దిగి వస్తుంటే కుండల దగ్గరి ఆడవాళ్ళు, "ఏటి సారూ, ఏటి దొరికింది?" అని అడిగారు. ఒకామె చేతివేళ్ళు కుండలో ముంచి నా చొక్కా మీద చిలకరించింది.

ఆ కార్డు అలా ఎందుకు చేసిందో నాకు ఈనాటికీ పూర్తిగా తెలియదు. ఒక లైను చేర్చి దాని నోరు మూయించాను, అంతే. ఆ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్ళూ, ఎవరి భూమి చూపించినా, మ్యాపు జరిపే ముందు నా వేలు ఒక క్షణం ఆగేది.

మర్నాడు సంతకు ఆమె వచ్చింది. ఆ తర్వాత ప్రతి సంతకూ, పట్టా చేతికి వచ్చేదాకా, వచ్చింది. కుర్చీలో కూర్చునేది కాదు. "జరపండి సారూ" అనేది. జరిపేవాణ్ణి. ఆమె చూపు ముందు గెడ్డ కోసం వెతికేది. అది ఒకటే ఉందని చూసుకున్నాకే తన పసుపు ముక్క వైపు తిరిగేది.